గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

(క్రైస్తవ మందిరాల భద్రత, బీమా, బాధ్యతల మీద పాఠకుల ప్రశ్నలు. జవాబులు రాస్తున్నది గుంటూరులో 30 ఏళ్లకు పైగా అగ్నిప్రమాదాల నష్టం లెక్కగట్టిన బీమా సర్వేయరు. తన సంఘంలో 12 ఏళ్లు కోశాధికారిగా కూడా పనిచేశారు.)

డిసెంబరు దగ్గర పడితే నాకు ఉత్తరాలు పెరుగుతాయి. పదకొండు నెలలు గోడల రంగు గురించి, కొత్త కీబోర్డు గురించి మాట్లాడుకున్న కమిటీలకు స్టార్ కట్టే రోజు వచ్చేసరికి వైర్లు గుర్తొస్తాయి. గుర్తొచ్చినందుకు సంతోషం. ఈసారి ఎనిమిది ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. మందిరం 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. మామూలు ఆదివారం నూటయాభై మంది వస్తారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ఐదు వందల మంది. ముందు షామియానా వేయిస్తాం, జనరేటరు తెప్పిస్తాం, పన్నెండింటికి లైట్లు ఆర్పి అందరం కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఈసారి నేను జాగ్రత్తల మాట ఎత్తితే "ఇరవై ఏళ్లుగా ప్రభువు కాపాడలేదా, నీకెందుకంత టెన్షన్" అన్నారు పెద్దలు. నాది అవిశ్వాసమా?
– ఒక సంఘ కార్యదర్శి

జవాబు: కాదు కార్యదర్శి గారూ. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తీసి పెద్దల చేతే చదివించండి. కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని, కట్టకపోతే పడి చచ్చినవాడి దోషం ఆ ఇంటి మీదికి వస్తుందని అక్కడ ఉంది. చూసుకోకుండా పడినవాడిని ఏమీ అనలేదు, గోడ కట్టనివాడినే అంది. కోర్టుల్లో బాధ్యత అనే మాట మీద గంటలకొద్దీ వాదనలు విన్నాను గానీ ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

ముందు లెక్క చూద్దాం. 30 ఇంటూ 50 అంటే 1,500 చదరపు అడుగులు. వేదికకు, వాద్యాలకు 250 పోయింది. మధ్య నడవకు, పక్క దారులకు ఇంకో 250 వదలాలి. మిగిలింది వెయ్యి. కుర్చీ, మోకాళ్ల ముందు చోటు కలిపి మనిషికి ఆరున్నర చదరపు అడుగులు వేసుకోండి. నూటయాభై మంది పడతారు. చాపలు వేసి సర్దితే ఇంకో యాభై. అంటే మామూలు ఆదివారానికే మీ మందిరం నిండిపోయింది. 31 రాత్రి మిగతా మూడు వందల మందీ బయటే కూర్చోవాలి. పాస్టరు గారు ప్రేమతో "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని మైకులో పిలవకూడదు. ఆ మాట ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు తలుపుల సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక మందిరంలో క్రిస్మస్‌కు పశువుల పాక కట్టారు. ఎండు వరిగడ్డి, దాని మీద మంచులాగా దూది, లోపల సీరియల్ లైట్లు. (బేత్లెహేములో ఆ రాత్రి మంచు కురిసిందో లేదో గానీ మన పాకల మీద దూది మాత్రం తప్పదు.) వైరు అతికిన చోట టేపు చుట్టలేదు. 24 రాత్రి పదిన్నర ప్రాంతంలో అంటుకుంది. అందరూ బయట భోజనాల దగ్గర ఉన్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. రెండు రోజుల తర్వాత నేను లెక్క చూడటానికి వెళ్లాను. పక్క తలుపుకు లోపలివైపు గొళ్లెం, ఆ గొళ్లేనికి తాళం, ఆ తాళానికి తుప్పు. చెవి ఎవరి దగ్గరుందని అడిగాను. పాస్టరు గారు పెద్దల వైపు చూశారు. పెద్దలు వాచ్‌మన్ వైపు చూశారు. వాచ్‌మన్ "పాత వాచ్‌మన్ దగ్గరండీ" అన్నాడు. పాత వాచ్‌మన్ హైదరాబాదు వెళ్లిపోయి నాలుగేళ్లయిందట.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా నేను మొదట అడిగేది మంటలార్పే సిలిండరు ఉందా అని కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుందని. సంఘానిది అన్న ప్రతి వస్తువూ చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకని 31 రాత్రికి ఒక కాగితం మీద పనులు రాసి, ఒక్కో పనికి ఎదురుగా ఒక్కరి పేరు, ఫోను నంబరు వేయండి. "యవ్వనస్థులు చూసుకుంటారు" అని రాస్తే ఎవరూ చూసుకోరు. ఆరాధన సాగినంతసేపూ తలుపులన్నీ, గేటూ తాళం లేకుండా ఉంచేది ఒకరు. జనరేటరు దగ్గర ఒకరు. మెయిన్ స్విచ్ దగ్గర ఒకరు. పిల్లల దగ్గర ఇద్దరు. ఏదైనా జరిగితే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసేది ఫలానా ఒకరు. లేకపోతే పక్కవాడు చేసే ఉంటాడని అందరూ అనుకుంటారు.

షామియానా వేసేవాడిని పక్క తెరలు కట్టొద్దనండి. చలి అంటారు, స్వెట్టర్లు వేసుకు రమ్మనండి. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక స్కూలు వార్షికోత్సవం పందిరి కింద జరుగుతుండగా మంట లేచింది. సింథటిక్ గుడ్డ కరిగి మీద పడింది, బయటపడే దారి చాలలేదు. నాలుగు వందల మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. తర్వాత పరిహారంలో వాటా నిర్వహించిన సంస్థ మీద కూడా కోర్టు వేసింది. పండగ మనది అయితే బాధ్యత కూడా మనదే. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐపీసీ బదులు వచ్చిన కొత్త భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. పాత చట్టంలో రెండేళ్లే ఉండేది. మీ పెద్దలకు వచనంతో పాటు ఇది కూడా వినిపించండి.

కొవ్వొత్తుల బదులు బ్యాటరీవి కొనండి, ఒకసారి కొంటే నాలుగేళ్లు వస్తాయి. కాదు, మైనం కొవ్వొత్తే కావాలంటే షామియానా కింద వద్దు, ఆరుబయట వెలిగించుకోండి, పదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి. చున్నీ ఎటు ఎగురుతుందో వేసుకున్నవాళ్లకే తెలియదు. పొడి పోసిన ఏబీసీ రకం సిలిండర్లు, ఆరు కిలోలవి రెండు ఉంచండి. ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూడండి. రీఫిల్ చేసేవాడు వచ్చిన రోజు పాత పొడి ఊరికే పారబోయకుండా నలుగురు కుర్రాళ్ల చేత పిన్ను లాగించి, మంట అడుగుకు గురిపెట్టి కొట్టించండి. సిలిండరును మొదటిసారి పట్టుకునేది మంట లేచిన రోజు కాకూడదు.

ఇంకొక్కటి. బయట మైకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పెట్టకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పన్నెండింటి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. పోలీసుల దగ్గర అనుమతి కాగితం మీద తీసుకోండి. పన్నెండు దాటాక బయటి బాక్సులు కట్టేయండి, పక్కింట్లో కూడా ముసలివాళ్లుంటారు.

ప్రశ్న: మా మందిరంలో పాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే జిల్లుమంటోంది. ఒక చేత్తో గిటారు పట్టుకుంటే ఇంకా ఎక్కువ. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి "ఏం కాదు, చెప్పులు వేసుకుని పాడండి" అన్నాడు.
– క్వయర్ అమ్మాయి, తణుకు

జవాబు: చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లకు ఆయన చెప్పిన వైద్యం బాగుంది! అమ్మా, అది బాగయ్యేదాకా ఆ మైకు పట్టుకోకు. ఆ జిల్లు హెచ్చరిక. నేల తుడిచి తడిగా ఉన్న రోజు అదే ప్రాణం మీదికి రావచ్చు. ఎర్తింగ్ అసలు లేకపోయినా, మిక్సరు ఒక బోర్డు నుంచి, గిటారు ఆంప్లిఫయరు ఇంకో బోర్డు నుంచి తీసుకున్నా ఇలా అవుతుంది. రెండిటి మధ్య నీ ఒళ్లే వైరు అవుతోంది. మీ త్రీపిన్ ప్లగ్గులు ఒకసారి తీసి చూడు. లావు పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చినవి కనీసం ఒకటైనా ఉంటుందని పందెం కాస్తాను. ఎర్త్ గుంత ఎక్కడుందో కమిటీని అడుగు. వాళ్లు వెతుక్కుంటే అదే జవాబు. వేదిక లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమను. ఒంటి మీదుగా కరెంటు నేలలోకి పోతున్న క్షణంలో అది సరఫరా కోసేస్తుంది. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కాలి. ప్రభు భోజనం ఇచ్చే బల్ల ఆదివారం నొక్కితే గుర్తుంటుంది.

ప్రశ్న: మా మందిరానికి ఐదేళ్లుగా బీమా కడుతున్నాం. పాలసీ పాస్టరు గారి పేరున ఉంది. స్థలం వాళ్ల నాన్నగారి పేరున ఉంది. సంఘం మాత్రం సొసైటీగా రిజిస్టరయింది. తుఫానుకు రేకులు లేచిపోతే డబ్బు వస్తుందా? ఎవరైనా మెట్ల మీద జారిపడితే కూడా ఇందులోనే వస్తుందా?
– కోశాధికారి, అమలాపురం

జవాబు: కోశాధికారి గారూ, మీ ప్రశ్న చదువుతుంటే నాకు పాత ఫైళ్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. పోయిన ఆస్తి వల్ల ఎవరి జేబుకు చిల్లు పడుతుందో వాళ్ల పేరున పాలసీ ఉండాలి. బీమాలో మొదటి సూత్రం అది. మీ దగ్గర స్థలం ఒకరిది, భవనం కట్టింది సంఘం డబ్బు, పాలసీ మూడో మనిషిది. నష్టం జరిగిన రోజు కంపెనీవాళ్లు మొదట అడిగేది "ఇందులో మీదేది" అని. పాస్టరు గారు మంచివారే కావచ్చు, రేపు ఆయన బదిలీ అయినా, ప్రభువు పిలిచినా ఆ చెక్కు ఎవరి ఖాతాలో వేసుకుంటారు? వారసులు వచ్చి నిలబడతారు. ఒక ఊళ్లో అలా నిలబడ్డారు కూడా. రేకుల డబ్బు కాస్తా కుటుంబ తగాదాలో ఇరుక్కుని, సంఘం రెండు వానాకాలాలు టార్పాలిన్ కింద ఆరాధన చేసింది.

కాబట్టి 2001 సొసైటీల చట్టం కింద వచ్చిన మీ రిజిస్ట్రేషను నకలు, కమిటీ తీర్మానం పట్టుకెళ్లి పాలసీని సొసైటీ పేరుకు మార్పించండి. దానికి ఎండార్స్‌మెంటు అంటారు, పెద్ద ఖర్చుండదు. స్థలం సంగతి వేరు, అది లాయరుతో కూర్చుని గిఫ్టు డీడో, రిజిస్టరు లీజో తేల్చుకోవాల్సిన పని. ఇబ్బందిగా ఉంటుందని వాయిదా వేస్తారు. నాన్నగారు ఉన్నప్పుడే అడగడం తేలిక.

తుఫాను, వరద అగ్ని పాలసీలో సాధారణంగా కలిసే ఉంటాయి. కోనసీమలో ఉంటూ ప్రీమియం తగ్గుతుందని అవి తీయించుకున్నవాళ్లనూ చూశాను. షెడ్యూలు తీసి చదవండి. భూకంపం ఉందా, అల్లర్లు ఉన్నాయా, ఉగ్రవాదం ఉందా అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూడండి. చదవడానికి కళ్లజోడు చాలదు, ఓపిక కావాలి.

తర్వాత మొత్తం. మందిరం మళ్లీ కట్టడానికి 80 లక్షలు అవుతుందనుకుందాం. మీరు 40 లక్షలకే బీమా చేశారు. రేకులు లేచి 6 లక్షల నష్టం. 40 లోపలే కదా, ఆరూ ఇస్తారనుకుంటారు. ఇవ్వరు. సగం విలువకు బీమా చేశారు కాబట్టి నష్టంలో సగమే, 3 లక్షలే అంటారు. మిగతా సగానికి మీరే బీమా కంపెనీ అన్నమాట. సిమెంటు, ఇనుము ధరలు చూసుకుంటూ రెండేళ్లకోసారి విలువ పెంచండి.

దొంగతనం పాలసీ తీసుకుంటే ఒక మెలిక గుర్తుంచుకోండి. తాళం పగలగొట్టిన ఆనవాలు ఉండాలి. తీసి ఉన్న తలుపు నుంచి కీబోర్డు పట్టుకుపోతే ఇవ్వరు.

జారిపడ్డ మనిషి సంగతి ఈ పాలసీలో లేదు. దానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరే తీసుకోవాలి. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ చట్టం కింద తీసుకునే పాలసీ ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీలకు. అది కాదు, స్కూళ్లు, హోటళ్లు, హాళ్లు తీసుకునే రకం అడగండి. ఒక్క ప్రమాదానికి ఇంత, ఏడాది మొత్తానికి ఇంత అని రెండు హద్దులుంటాయి. అది కూడా మీ తప్పు చట్టప్రకారం తేలితేనే ఇస్తుంది. మెట్టు విరిగి ఆరు నెలలైందని అందరికీ తెలిసి బాగు చేయించకపోతే కంపెనీ మీతో వేరేగా మాట్లాడుతుంది. గోపురానికి రంగు వేయించేటప్పుడు పెయింటర్లకు పనివాళ్ల పరిహారం పాలసీ కాంట్రాక్టరు దగ్గర ఉందో లేదో అడగండి. లేకపోతే ఆ నెలకు మీరే తీసుకోండి.

ఇక నష్టం జరిగాక ఏం చేయకూడదో కూడా చెప్తాను. ఒక తుఫాను తర్వాత నేను వెళ్లేసరికి స్త్రీల సమాజం వాళ్లు మందిరాన్ని అద్దంలా కడిగేశారు. తడిసిన కుర్చీలు, ఉబ్బిన స్పీకర్లు పాతసామాన్లవాడికి అమ్మేశారు కూడా. వాళ్ల భక్తికి దణ్ణం పెట్టాలి గానీ, నష్టం కూడా బురదతోపాటు కొట్టుకుపోయింది. నేనేం చూసి లెక్క రాయాలి? ముందు కంపెనీకి కబురు, తర్వాత ఫోనుతో ప్రతి మూలా ఫొటోలు. సర్వేయరు వచ్చి చూసేదాకా చీపురు పట్టొద్దు. వాన లోపలికి రాకుండా టార్పాలిన్ మాత్రం కప్పుకోవచ్చు, కప్పుకోవాలి కూడా.

ప్రశ్న: ఉజ్జీవ సభలకు మా సంఘం నుంచి అరవై మందిని రెండు ట్రాక్టర్లలో తీసుకెళ్తాం. ట్రాక్టర్లు మా విశ్వాసులవే, డీజిల్ ఖర్చు సంఘం ఇస్తుంది. ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉంది. చాలదా?
– ఒక సంఘ పెద్ద, వినుకొండ

జవాబు: చాలదు. ట్రాక్టరు బీమా వ్యవసాయం పనికి. ట్రక్కులో వరి బస్తాలు పోవచ్చు, మనుషులు పోకూడదు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటారు. ఎలా చూసినా చివరికి మీ విశ్వాసి పొలం మీదికే వస్తుంది. సేవకని బండి ఇచ్చినవాడి పొలం అమ్మించే పరిస్థితి తేకండి. తెల్ల నంబరు ప్లేటు వ్యానుకు కిరాయి ఇచ్చి తీసుకెళ్లినా ఇదే చిక్కు. ఆర్టీసీ డిపోకు వెళ్లి స్పెషల్ హైర్ బస్సు అడగండి. అరవై మందికి పంచితే తలా ఎంత పడుతుందో లెక్క వేసి ఆదివారం ప్రకటనల్లో చదవండి. ఇవ్వలేనివాళ్లకు ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు, మన సంఘాల్లో ఆ మంచితనానికి లోటు లేదు.

ప్రశ్న: నేను సండే స్కూల్ టీచర్ని. పదకొండేళ్ల పాప ఒకరోజు నా దగ్గర ఏడ్చింది. కీబోర్డు నేర్పే అన్నయ్య ఒంటరిగా ఉన్నప్పుడు ఒళ్లు తాకుతున్నాడని చెప్పింది. పెద్దలకు చెబితే "సంఘం పరువు పోతుంది, పిలిచి మందలిద్దాం, పాప భవిష్యత్తు కూడా చూడాలి కదా" అంటున్నారు. ఏం చేయాలి?
– ఊరు, పేరు రాయవద్దు

జవాబు: చెల్లమ్మా, ఆ పాప నిన్ను నమ్మి చెప్పింది. నువ్వు ఈ పత్రిక పక్కన పెట్టి ఇవాళే పోలీసులకు చెప్పు. ఇందులో పెద్దలు ఆలోచించుకోవాల్సింది ఏమీ లేదు, ఓటింగు లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం ఇలాంటిది తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది దాకా. మంచి మనసుతో చెప్పినందుకు నీ మీద కేసు ఉండదని కూడా అదే సెక్షనులో ఉంది. స్టేషనుకు వెళ్లడానికి భయమేస్తే పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోన్ చెయ్యి.

పాపను మళ్లీ మళ్లీ అడగొద్దు. పెద్దల ముందు నిలబెట్టి చెప్పించడం అసలే వద్దు. నీతో చెప్పిన మాటలు చెప్పినట్టే, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచు. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై అయి ఉండాలి, పాప ఇంటి దగ్గరో, పాప కోరుకున్న చోటో తీసుకోవాలి. ఇది తల్లిదండ్రులకు చెబితే వాళ్లకు కొంత ధైర్యం వస్తుంది. ఆ కుర్రాడిని పిలిచి మందలించొద్దు. మందలించిన మర్నాడు అతను ఊళ్లో ఉండడు, ఇంకో ఊళ్లో ఇంకో సంఘంలో కీబోర్డు నేర్పుతుంటాడు.

పరువు గురించి పెద్దలకు ఒక మాట. నేను బీమా మనిషిని, నష్టాలు లెక్కగట్టడం నా పని. ఒక పిల్ల నోరు నొక్కిన సంఘానికి కలిగే నష్టాన్ని లెక్కగట్టడం నాకు చేతకాదు. రేపటి నుంచి పిల్లల ప్రతి క్లాసులో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లిద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. గది తలుపుకు అద్దం బిగించాలి. వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) రోజుల్లో పిల్లల్ని ఒంటరిగా బండి మీద దింపడాలు, పిల్లలతో విడిగా వాట్సాప్ మెసేజులు ఉండకూడదు. పాస్టరు గారి అబ్బాయికి కూడా ఇదే నియమం.

ప్రశ్న: మేం సాగర్ కుడి కాలువలో బాప్తిస్మాలిస్తాం. ఈసారి పదిహేను మంది ఉన్నారు. జాగ్రత్తలు చెప్పండి.
– పాస్టరు, నరసరావుపేట దగ్గర

జవాబు: పాస్టరు గారూ, నా మాట వింటే కాలువ వద్దు. సిమెంటు లైనింగు వేసిన చోట ఏటవాలు గోడ మీద నాచు ఉంటుంది. దిగడం ఒక్క అడుగు, ఎక్కడం ఉండదు. పైన నీళ్లు వదిలితే మోకాలు లోతు కాస్తా ఛాతీకి వస్తుంది, మీరు ప్రార్థనలో కళ్లు మూసుకుని ఉంటారు. పడినవాడి కోసం దూకినవాడు, వాడి కోసం దూకినవాడు, ఇలా ఒకే ఇంట్లో ముగ్గురు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మందిరం వెనక ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టి కట్టించండి. వాడనప్పుడు మీద మూత, దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరో రాసి ఉంచండి. తొట్టి కట్టేదాకా తప్పదంటే మెట్ల రేవున్న చెరువు చూసుకోండి. ముందు రోజు కర్రతో లోతు కొలిపించండి. తాడు, గాలి నింపిన లారీ ట్యూబు, ఈత వచ్చిన ఇద్దరు మనుషులు గట్టు మీద ఉండాలి. ఆ ఇద్దరూ ఫొటోలు తీయకూడదు.

ప్రశ్న: రెండు నెలల్లో మూడుసార్లు మా మందిరం కిటికీల మీద రాళ్లు పడ్డాయి. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాస్తామంటున్నారు.
– సంఘ కార్యదర్శి, ఉత్తరాంధ్ర

జవాబు: కాపలా కాయమనండి, కర్రలు ఇంట్లో పెట్టి రమ్మనండి. దొరికినవాడిని నాలుగు తగిలిస్తే అక్కడితో మీ ఫిర్యాదు పోయి అతని ఫిర్యాదు మొదలవుతుంది. మూడుసార్లూ స్టేషనులో కాగితం ఇచ్చారా? మీరు రాయలేదు కాబట్టి ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ప్రార్థనా స్థలాన్ని అవమానించాలని పాడుచేయడం న్యాయసంహిత 298వ సెక్షను, జరుగుతున్న ఆరాధనకు ఆటంకం కలిగించడం 300వ సెక్షను. తేదీలు, వేళలు, పగిలిన అద్దాల ఫొటోలతో ఫిర్యాదు రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టడం ఫిర్యాదు కిందికి రాదు. పైగా అది ఊళ్లో ఇంకో మంట పెడుతుంది.

సీసీ కెమెరా పెట్టించేవాళ్లు ఎక్కువమంది చేసే తప్పు, రికార్డయ్యే పెట్టెను కెమెరా కిందే పెట్టడం. దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో చూడండి. నేను చూసిన ఒక రికార్డింగులో రాయి పడింది 2015 జనవరి 1 తెల్లవారుజామున. ఆనాటికి ఆ మందిరమే కట్టలేదు.

కెమెరా కన్నా గుమ్మం దగ్గర మనిషి మేలు. 2000 సంవత్సరంలో ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిల్లో బాంబులు పేలిన రోజులు మా తరానికి గుర్తే. 2019 ఈస్టరు రోజున శ్రీలంకలో వరుస పేలుళ్లు జరిగినప్పుడు, బట్టికలోవాలోని జియోను చర్చి గుమ్మంలో సంఘ సభ్యుడొకరు కొత్త మనిషి వీపు సంచి చూసి, ఎవరు, ఎందుకు అని అడిగి లోపలికి పోనివ్వలేదు. ఆయన ప్రాణం పోయింది. బయట ఇంకా చాలామంది పోయారు, పిల్లలు కూడా. కానీ లోపల కిక్కిరిసి ఉన్నవాళ్లలో చాలామంది మిగిలారు. మీ గుమ్మం దగ్గర వందనాలు చెప్పి పాటల పుస్తకం అందించే పెద్దాయన ఉంటారు కదా, ఆయనకు ఊళ్లో అందరూ తెలుసు. కొత్త ముఖం వస్తే నవ్వుతూ "ఏ ఊరు బాబూ" అని అడిగి పక్కన కూర్చోబెట్టుకోమనండి. ఎవరిదో తెలియని సంచి కనబడితే ముట్టుకోకుండా 112కి చెప్పమనండి.

ప్రశ్న: కానుకలు లెక్కపెట్టేది మా సంఘంలో ఒకే కుటుంబం. మంచివాళ్లే. మార్చమంటే అనుమానించినట్టు అవుతుందేమో?
– పేరు వద్దు, ఖమ్మం

జవాబు: మంచివాళ్లు కాబట్టే మార్చండి. రేపు ఎవడో ఒక మాట అంటే వాళ్ల దగ్గర చూపించుకోవడానికి ఏమీ లేదు. రెండు వేర్వేరు ఇళ్లవాళ్లు, జనం ఇంకా వెళ్లకముందే, హాల్లోనే బల్ల మీద పోసి లెక్కపెట్టాలి. ఏ నోట్లు ఎన్నో పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. వారం వారం డబ్బు ఒకరి బీరువాలో ఉంచితే దొంగలకు ఆ బీరువా తెలిసిపోతుంది.

నేను కోశాధికారిగా ఉండగా ఒక ఆదివారం రెండుసార్లు లెక్కపెడితే రెండుసార్లూ 500 తేడా వచ్చింది. నాతో లెక్కపెట్టిన ఆయన ముఖం పాలిపోయింది, నాదీ అలాగే ఉండి ఉంటుంది. పుస్తకంలో తేడా అని రాసి ఇద్దరం సంతకం పెట్టాం. మధ్యాహ్నం మా ఆవిడ కానుకల సంచి ఉతకడానికి తిరగేస్తే అడుగు కుట్టు మడతలో నాలుగు మడతలు పెట్టిన ఐదు వందల నోటు దొరికింది. అప్పటి నుంచి లెక్క పుస్తకం మొదటి పేజీలో "సంచి తిరగేసి దులపాలి" అని ఒక లైను ఉంది.